కెప్టెన్ కుడిచెవి దరఖాస్తు

నాగరిక సమాజానికి అసలు ముప్పు శత్రువుల వల్ల రాదు, అనుమతి లేకుండా వెచ్చబడే చెవుల వల్ల వస్తుంది. ఈ సత్యాన్ని మన పెద్దలు ఎప్పుడో గ్రహించారు. కనుకనే చలిని ఎవరికి వారు ఎదుర్కొనే పాత మొరటు పద్ధతిని రద్దు చేసి, దాని స్థానంలో ఒక కార్యాలయాన్ని, తొమ్మిది ఫారాలను, ఒక యాప్‌ను నెలకొల్పారు. కార్యాలయం పేరు మాజీ సైనికుల వెచ్చదన సంక్షేమ కార్యాలయం. దాతలు చేత్తో అల్లిన టోపీలు, మఫ్లర్లు, మేజోళ్ళు తీసుకుని అవసరంలో ఉన్న మాజీ సైనికులకు అందజేయడం దాని బాధ్యత. (బోర్డు మీద ‘అందజేయడం’ అన్న మాట దగ్గర రంగు ఊడిపోయింది. మిగతా బోర్డు కొత్తదానిలా ఉంది.)

నేను వ్యవస్థల పట్ల భయభక్తులున్న మనిషిని. పత్రికలో పాతికేళ్ళుగా వాతావరణం కాలమ్ రాస్తున్నాను. రేపు చలి పెరుగుతుందని రాయడమే తప్ప, ఆ చలికి ఎవరైనా ఏదైనా చెయ్యాలని నాకు ఒక్కనాడూ తోచలేదు. తోచింది మా పెద్దమ్మకు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి రిటైరై, నా దగ్గరే ఉంటోంది. అన్నేళ్ళు తీగలు ఇక్కడ పీకి అక్కడ గుచ్చిన చేతులు ఊరుకోవు కదా, రిటైరైన మర్నాడే క్రోషియా సూది పట్టింది. కొసన చిన్న కొక్కెం ఉన్న ఒకే ఒక్క సూది, ఒళ్ళో ఊలు ఉండ, అంతే ఆవిడ సరంజామా. ఆ సూదితో ఇంట్లో ఉన్న ప్రతిదానికీ తొడుగు అల్లింది. మా టీవీ రిమోటుకు స్వెటర్ ఉంది. మంచినీళ్ళ కూజాకు మఫ్లర్ ఉంది. నేను కాసేపు కదలకుండా కూర్చుంటే చాలు, నావైపు కొలతలు తీసే చూపొకటి చూసేది. ఇంట్లో ఇక తొడగడానికి ఏమీ మిగలని పరిస్థితిలో ఆవిడకు కెప్టెన్ కనిపించాడు.

మా వీధి చివర మాజీ సైనికుల విశ్రాంతి భవనం ఉంది, దాని గేటుకు ఎదురుగా ఒక బెంచీ ఉంది. పొద్దున ఎండ పడే వేళకు కెప్టెన్ వచ్చి ఆ బెంచీ మీద కూర్చునేవాడు. నిజానికి ఆయన సైన్యంలో లారీ డ్రైవరు. వీధి జనమంతా ఏకగ్రీవంగా ఆయనకు ప్రమోషన్ ఇచ్చేశారు. ఎప్పుడో లారీ పక్కన ఏదో పేలి కుడిచెవి పైభాగం పోయింది. మిగిలిన ముక్క, చలిగాలి తగిలితే చాలు, సలుపు మొదలెడుతుంది. అందుకని ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని, కుడిచెవి మీద అరచెయ్యి ఆనించుకుని, తల కాస్త వంచి కూర్చునేవాడు. చూసేవాళ్ళకు ఫోన్లో మాట్లాడుతున్నట్టుండేది. ఎక్స్ఛేంజి మనిషి కాబట్టి పెద్దమ్మకు మరీ అలాగే అనిపించింది.

“ఏమండీ అన్నయ్యగారూ, గంట నుంచి చూస్తున్నాను. అవతల ఎవరండీ, అంత ఓపిగ్గా వింటున్నారు?” అని అడిగింది.

“అవతల ఎవరూ లేరు చెల్లెమ్మా,” అన్నాడు కెప్టెన్. “చెవిపోటు.”

పెద్దమ్మ ఇంటికొచ్చి మారు మాట్లాడకుండా ముదురు నీలం ఊలు తీసింది. మూడోనాటికి టోపీ తయారైంది. ఎడమచెవి మీద ఒక పొర, కుడిచెవి మీద రెండు పొరలు, గడ్డం కింద కట్టుకోవడానికి రెండు తాళ్ళు. కెప్టెన్ దాన్ని పెట్టుకుని, చెవి మీదినుంచి చెయ్యి తీసేసి, ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాడట. తర్వాత దాంతో పేపరు పట్టుకుని చదివాడట. ఈ సంగతి పెద్దమ్మ నాకు కనీసం ఆరుసార్లు చెప్పింది.

ఆయన ఆ టోపీతో గేటు దాటి లోపలికి వెళ్ళగానే వార్డెన్ దాన్ని స్వాధీనం చేసుకున్నాడు. వారం తిరక్కుండా టోపీతో పాటు మా ఇంటికి నోటీసు వచ్చింది. “తమరు విశ్రాంతి భవన నివాసి ఒకరికి సుమారు ఎనభై గ్రాముల వెచ్చదనాన్ని నేరుగా అందజేసినట్లు మా దృష్టికి వచ్చినది. ఇట్టి వెచ్చదనం పరీక్షింపబడనిది. దానివలన సదరు నివాసికి అలవాటు ఏర్పడు ప్రమాదం కలదు. కావున ఇకమీదట వెచ్చదనమును ఫారం తొమ్మిది ద్వారా మాత్రమే సమర్పించవలెను” అని ఉంది అందులో. నేరుగా ఇస్తే ఏమవుతుందో కూడా ఉంది. ఇచ్చినవారికి ఏమీ కాదు, పుచ్చుకున్నవారి మంచం రద్దవుతుంది.

“చెవికి అనుమతేమిట్రా? వాళ్ళ మొహం!” అంది పెద్దమ్మ.

“పెద్దమ్మా, వాళ్ళు చెప్పింది సబబే,” అన్నాను నేను. “నువ్వొక టోపీ ఇస్తావు, ఇంకొకళ్ళు ఇంకోటి ఇస్తారు, చివరికి అందరి తలలమీదా టోపీలుంటాయి. దానికో పద్ధతుండొద్దూ? పద్ధతి ప్రకారం వెళదాం. వారంలో అయిపోతుంది.”

వారంలో అయిపోతుందన్న మాట నాదే. దాన్ని నేను ఎవరిమీదా తోసెయ్యడం లేదు.

వెచ్చదన సంక్షేమ కార్యాలయం ఎక్కడో లేదు, ఆ విశ్రాంతి భవనం మూడో అంతస్తులోనే ఉంది. కింద కెప్టెన్ మంచం, పైన ఆయన టోపీ తాలూకు ఆఫీసు. మధ్యలో నలభై ఎనిమిది మెట్లు. హాల్లో వరసగా నేలకు బోల్టులు బిగించిన కుర్చీలు, టోకెన్లిచ్చే మిషను, పైన గిర్రున తిరుగుతున్న ఫ్యాను. ఆ చలిలో ఫ్యానెందుకని అడిగితే, దాని స్విచ్చి పక్క శాఖవారి గదిలో ఉందని, వాళ్ళు వేసవిలో తాళం వేసుకుని వెళ్ళారని చెప్పారు. దాతలందరూ ఒళ్ళో ఊలు సంచులు పెట్టుకుని, వాటిలోకి చేతులు దూర్చి కూర్చున్నారు.

మూడు గంటలకు మా టోకెన్ పిలిచారు. అల్లికల పరిశీలనాధికారి మెడలో టేపు, కంటికి భూతద్దం పెట్టుకుని, టోపీని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఫారం తొమ్మిది తీసి, పద్నాలుగో ప్రశ్న దగ్గర వేలు పెట్టాడు. ‘ఏ సూదులతో అల్లితిరి? రెండింటి పొడవును విడివిడిగా తెలుపుము.’

“ఇది క్రోషియా అండీ,” అంది పెద్దమ్మ. “దీనికి ఒకటే సూది.”

“అల్లికకు రెండు సూదులమ్మా. ఇదిగో, రెండు గళ్ళున్నాయి.”

“ఆ అల్లిక వేరు, ఈ అల్లిక వేరు. రెండో గడి ఖాళీగా వదిలేస్తాను.”

“ఖాళీ వదిలితే యాప్ ఊరుకోదమ్మా.”

“పోనీ సున్నా వెయ్యండి.”

“సున్నా పొడవున్న సూదితో టోపీ ఎలా అల్లారని ఆడిట్‌లో అడిగితే నేనేం చెప్పాలి?” అన్నాడాయన. కోపంగా అనలేదు, నిజంగా బెంగపడుతూ అన్నాడు. ఆయనకూ పిల్లలున్నారు.

చివరికి దయగల మనిషి కాబట్టి ఆయనే దారి చూపించాడు. రెండో సూది పోయినట్టు రాసిస్తే సరిపోతుంది, దానికి పోలీస్ స్టేషన్ రసీదు జత చెయ్యాలి. పెద్దమ్మ జన్మలో పట్టుకోని సూది పోయిందని మేమిద్దరం స్టేషన్‌కు వెళ్ళి చెప్పుకున్నాం. రైటరు చాలా మర్యాదగా కుర్చీలు చూపించాడు.

“ఆనవాళ్ళేమిటమ్మా?”

“ఏమీ లేవు బాబూ.”

“ఆఖరుసారి ఎప్పుడు చూశారు?”

“ఎప్పుడూ చూడలేదు.”

రైటరు ‘అరుదైన వస్తువు’ అని రాసుకుని రసీదు ఇచ్చాడు.

రసీదు పట్టుకుని మళ్ళీ మెట్లెక్కాం. పరిశీలనాధికారి సంతోషించి, పద్నాలుగో ప్రశ్నకు టిక్కు పెట్టి, టోపీ చెవుల దగ్గర ఆగిపోయాడు. కుడివైపు రెండు పొరలెందుకని అడిగాడు. పెద్దమ్మ కెప్టెన్ చెవి సంగతి చెప్పింది. “ఇది నా పరిధిలోది కాదమ్మా, సమానత్వ అధికారిని కలవాలి,” అంటూ ఆయన లేచి, పక్క కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు మార్చుకుని, “చెప్పండి, ఏం పనిమీద వచ్చారు?” అన్నాడు.

పెద్దమ్మ మొదటినుంచీ మళ్ళీ చెప్పింది. సమానత్వ అధికారి శ్రద్ధగా విని, ఒకే తలమీది రెండు చెవులకు వేర్వేరు మందంలో వెచ్చదనం ఇవ్వడం ఎడమచెవికి అన్యాయమని, రేపు ఎడమచెవి తరఫున ఎవరైనా ఫిర్యాదు చేస్తే కార్యాలయం ఇరుకున పడుతుందని చెప్పాడు. ఎడమచెవికి అభ్యంతరం లేదని కెప్టెన్ సంతకం చేసిన పత్రం కావాలన్నాడు. ఆ పత్రం తేవడానికి ఒక వారం. దానిమీద ఎడమచేతి సంతకం లేదని తెలియడానికి మరో వారం. (చెవి ఎడమది కనుక చెయ్యి కూడా ఎడమదే ఉండాలి. ఇందులో అర్థం కానిదేమీ లేదు.)

కాగితాలన్నీ కుదిరాక టోపీ పరీక్షకు వెళ్ళింది. ఈలోగా నా కాలమ్‌లో చలి పెరుగును అని నాలుగుసార్లు రాశాను. సరిగ్గా ఆ రోజుల్లోనే కెప్టెన్ బెంచీ మీదికి రావడం మానేశాడు.

పెద్దమ్మ రెండు రోజులు చూసింది. మూడోరోజు గేటు దగ్గర వార్డెన్‌ను నిలేసింది.

“కెప్టెన్‌గారు ఎక్కడండీ?”

“లోపలే ఉన్నారమ్మా. ఎండ కార్డు సరెండర్ చేశారు.”

అక్కడి నివాసులు రోజుకు రెండు గంటలు బయటికొచ్చి ఎండలో కూర్చోడానికి కార్డు ఉంటుంది. అది అవసరంలో ఉన్నవారికి మాత్రమే ఇస్తారు. కెప్టెన్ ఇప్పుడు అవసరంలో లేడని జాబితాలో పడింది.

“చెవి బాగైందా ఏమిటి?” అంది పెద్దమ్మ ఆశగా.

“చెవి వైద్యుల శాఖమ్మా. అవసరం మా శాఖ,” అన్నాడు వార్డెన్, గేటు వేసేస్తూ.

పెద్దమ్మకు ఆ రోజు అన్నం సయించలేదు. ఎండ కూడా లేకుండా, ఆ రాతి గోడల మధ్య, చెవి మీద చెయ్యి పెట్టుకుని ఆ మనిషి ఎలా ఉన్నాడోనని ఒకటే గొణుగుడు. ‘ఆ టోపీ ఒక్కటి లోపలికి వెళితే చాలురా’ అని ఊరుకునేది. మళ్ళీ పది నిమిషాలకు అదే మాట.

పదో రోజున పరీక్ష ఫలితం వచ్చింది. నేనే వెళ్ళి తెచ్చాను. కవర్లో ఒక సర్టిఫికెట్ ఉంది. ‘ఈ టోపీ చేతి అల్లికయే. ప్రకటించిన నూట యాభై మీటర్ల ఊలు ఇందులో ఉన్నట్లు నిర్ధారించడమైనది. అన్ని ప్రమాణాలకూ తగియున్నది.’ సర్టిఫికెట్ కింద, టోపీ ఉండవలసిన చోట, ముదురు నీలం ఊలు ఉండ ఒకటి ఉంది.

“టోపీ ఏదండీ?” అన్నాను.

“అదేగా,” అన్నాడు పరిశీలనాధికారి. “మీటర్లు కొలవాలంటే విప్పాలి కదండీ. కొలవకుండా నూట యాభై అని ఎలా నమ్ముతాం?”

“మరి కెప్టెన్‌గారికి ఏమిస్తారు?”

“పరీక్ష పాసైన టోపీని ఇస్తాం. మీరు దీన్ని టోపీ చేసి తీసుకురండి.”

“తెస్తే వెంటనే ఇచ్చేస్తారా?”

“తెస్తే అది కొత్త టోపీ అవుతుంది. పరీక్షకు పంపుతాం.”

ఇది విని నాకు కళ్ళు తిరిగిన మాట నిజమే గాని, నేను వెంటనే సర్దుకున్నాను. ఎక్కడో ఏదో తర్కం ఉండే ఉంటుంది, అది నా స్థాయికి అందలేదు, అంతే అనుకున్నాను. ఇంటికి తెచ్చి ఉండను పెద్దమ్మ ఒళ్ళో పెట్టాను.  ఆవిడ ఉండను అరచేతిలో తిప్పి చూసింది.

“ఎవరు విప్పారో గాని చెయ్యి తిరిగిన మనిషిరా. ఒక్క చిక్కు లేదు. ఎంత పొందిగ్గా చుట్టారో చూడు,” అంది. సూది తీసి మళ్ళీ మొదలుపెట్టింది.

మళ్ళీ అల్లింది, మళ్ళీ విప్పారు. మూడోసారి అల్లింది, మూడోసారి విప్పారు. ప్రతిసారీ సర్టిఫికెట్ వచ్చేది. చివరికి మా గోడమీద అలాంటివి ఆరయ్యాయి, వాతావరణ కాలమ్‌కు నాకు వచ్చిన ప్రశంసాపత్రాలకంటే నాలుగు ఎక్కువ. నాలుగోసారికి ఆవిడకు పంతం వచ్చింది. ఆఖరి ముడిని పళ్ళతో లాగినా ఊడకూడదని బిగించింది. ఆ ముడీ ఊడింది. ఉండ మళ్ళీ అంతే పొందిగ్గా వచ్చింది.

అన్నట్టు మధ్యలో పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. మా సూది దొరికిందట. లేని సూది ఎలా దొరికిందని అడిగితే, అది మా పని తీరమ్మా అని రైటరు వినయంగా చెప్పాడు. ఎవరిదో పొడుగాటి స్వెటర్ సూది, ముప్ఫై సెంటీమీటర్లుంది. సంతకం పెట్టి తెచ్చుకోక తప్పలేదు. సూది దొరికింది కాబట్టి పోయిందన్న పాత పత్రం అబద్ధమైంది. దానికో క్షమాపణ ఫారం. పెద్దమ్మ అప్పటికి ఏ కాగితం పెట్టినా చదవకుండా సంతకం చేసే స్థితికి వచ్చేసింది.

ఈ పరీక్షల్లో ఒక చిన్న చిక్కు ఉంది. పరీక్ష చేసిన ప్రతిసారీ రికార్డు కోసం ఇరవై మీటర్ల ఊలు కత్తిరించి ఫైలుకు కడతారు. కొత్త ఊలు కలపడానికి వీల్లేదు, ఊలు మారితే దరఖాస్తు మొదటికి వస్తుంది. నూట యాభై మీటర్లతో మొదలైన టోపీ మొదట తాళ్ళు పోగొట్టుకుంది, తర్వాత అంచు పోగొట్టుకుంది. నాలుగో టోపీ కెప్టెన్ తలకు బిగుతు. ఐదోది పసిపిల్లలకు వదులు, ఆరోది పసిపిల్లలకూ బిగుతు. ఏడోసారికి ముప్ఫై మీటర్లు మిగిలింది.

పెద్దమ్మ ఆ ముప్ఫై మీటర్లను ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత తల మానేసి చెవి అల్లింది. కుడిచెవి ఒక్కటే, రెండు పొరలు, తగిలించుకోవడానికి చిన్న తాడు.

ఈసారి నన్ను ఒక్కణ్ణే పంపలేదు, తనూ వచ్చింది. పరిశీలనాధికారి ఆ చెవిని భూతద్దంతో చూసి, పెదవి విరిచి, జాబితాలో పైనుంచి కిందికి వెతికాడు.

“ఇది టోపీ కాదమ్మా.”

“కాదు. చెవి.”

“చెవి జాబితాలో లేదు. తల లేని టోపీ అని రాసుకోనా?”

“ఏదో ఒకటి రాసుకుని ఆయనకు ఇవ్వండి బాబూ. ఇదే ఆఖరి ఊలు,” అంది పెద్దమ్మ.

“తప్పకుండానమ్మా. పరీక్ష అవగానే...”

పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది. పరిశీలనాధికారి చేతిలోంచి ఆ చెవిని లాక్కుని, ‘ప్రవేశం లేదు’ అని రాసిన తలుపు వైపు నడిచింది. ఆయన “అమ్మా, అమ్మా, అది నా పరిధి కాదు” అంటూ ఏ కుర్చీలోకి మారాలో తెలియక మధ్యలో నిలబడిపోయాడు. నేను వెనకాలే పరుగెత్తాను. ఆవిణ్ణి ఆపుదామనే పరుగెత్తాను, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

తలుపు అవతల పొడుగాటి గది. గోడమీద ‘విప్పు విభాగం’ అని ఉంది. కిటికీకి ఒక అద్దం లేదు, అట్టముక్క పెట్టారు, గాలికి అది కొట్టుకుంటోంది. నాలుగు బల్లల దగ్గర నలుగురు ముసలివాళ్ళు కూర్చుని, స్వెటర్లూ మఫ్లర్లూ కొసపట్టి లాగి విప్పుతున్నారు. ఊలు ధూళికి దగ్గుతున్నారు. కిటికీ పక్క బల్ల దగ్గర, తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి ఒక చేత్తోనే ఉండ చుట్టుతున్నాడు. రెండో చెయ్యి కుడిచెవి మీద ఉంది.

“అన్నయ్యగారూ!” అంది పెద్దమ్మ.

కెప్టెన్ గబుక్కున లేచి నిలబడ్డాడు. సైన్యంలో పై అధికారి వస్తే నిలబడ్డట్టే నిలబడి, మొహం చాటేసుకున్నాడు.

“మీరిక్కడేమిటి?”

“ఉద్యోగం ఇచ్చారు చెల్లెమ్మా. తీసుకోకపోతే మంచం తీసేస్తామన్నారు. ఉద్యోగం ఉన్నవాడు అవసరంలో ఉన్నవాడు కాదు కదా, అందుకని ఎండ కార్డు కూడా పోయింది.”

పెద్దమ్మ బల్లమీద చూసింది, బల్ల కింద చూసింది. ఫైలుకు కట్టిన ముదురు నీలం ఊలు ముక్కలు ఆరు, వరసగా, దారంతో కట్టి ఉన్నాయి.

“నా టోపీలు విప్పింది మీరా?”

“నేనే.”

“మీదేనని తెలియలేదా?”

“చెయ్యి పెట్టగానే తెలిసింది,” అన్నాడు కెప్టెన్. “కుడివైపు రెండు పొరలు. నాది కాక ఇంకెవడిది?”

“మరెందుకు విప్పారండీ!”

“నేను విప్పకపోతే ఆ బల్లమీదికి వెళుతుంది. వాళ్ళకు టైము చాలదు, కత్తెర వేస్తారు. ఊలంతా ముక్కలైపోతుంది. నేనయితే మెల్లిగా విప్పి ఉండ చుట్టి పంపిస్తానుగదా. మీరు మళ్ళీ అల్లడానికి వీలుగా ఉంటుందని.” కాసేపు ఆగి అన్నాడు, “నాలుగోసారి ముడి మాత్రం... అబ్బ, ఒక పూట పట్టింది చెల్లెమ్మా. గోళ్ళు పోయాయి.”

పెద్దమ్మ ఆయన గోళ్ళవైపు చూసింది. నాకు మాత్రం, వారంలో అయిపోతుందని చెప్పిన నా నోటిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. సిగ్గుతో నేలవైపు చూస్తూ నిలబడ్డాను.

ఈలోపల పరిశీలనాధికారి వచ్చాడు. కేకలు వేస్తాడనుకున్నాం గాని, వెయ్యలేదు. ఇక్కడ ఇంకొకరి పరిధి ఏదీ లేదని తేలిపోయిందో ఏమో, మామూలు మనిషిలా నిలబడ్డాడు. “ఎలాగూ వచ్చింది కదా, పరీక్ష కానివ్వండి,” అన్నాడు గొంతు తగ్గించి. “ముందు ధరింపు. నియమం పదకొండు.”

ధరింపు పరీక్ష అని ఒకటుందని మాకు అప్పుడే తెలిసింది. విప్పే ముందు వస్తువు ఒంటికి కుదురుతుందో లేదో చూడాలి. విప్పే ఉద్యోగి దాన్ని మూడు నిమిషాలు ధరించి చూసి, ‘కుదిరినది’ అని రాయాలి. బల్లమీద దానికో గడియారం కూడా ఉంది.

పెద్దమ్మ తనే కెప్టెన్ తువ్వాలు విప్పింది. చెవిని చెవికి తగిలించి తాడు ముడివేసింది. కెప్టెన్ మళ్ళీ కూర్చుని, గడియారం మీట నొక్కి, చెయ్యి దించి, ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. మిగతా ముగ్గురు విప్పడం ఆపి చూస్తున్నారు. అట్టముక్క కొట్టుకుంటూనే ఉంది.

“ఆరుసార్లూ ఇలాగే పెట్టుకున్నాను,” అన్నాడు కెప్టెన్ కళ్ళు తెరవకుండా. “ఆఖరి రెండూ తలకు పట్టలేదు, చెవిమీదే బోర్లించుకున్నాను. విప్పి పంపితే మళ్ళీ అల్లి పంపుతారని తెలుసు. దానికోసమే ఎదురుచూసేవాణ్ణి. తప్పయితే క్షమించాలి.”

గడియారం మోగింది. కెప్టెన్ చెవి తీసి, రిజిస్టరులో ‘కుదిరినది’ అని రాసి, ఆఖరి ముడి కోసం వెతకసాగాడు. పెద్దమ్మ దాన్ని వదులుగానే వేసింది.

ఆ తర్వాత నెలలో కార్యాలయం వార్షిక నివేదిక వెలువడింది. పత్రికలో మా వాతావరణం కాలమ్ పక్కనే వేశారు. ఏడాది మొదట్లో విశ్రాంతి భవనంలో అవసరంలో ఉన్న మాజీ సైనికులు నలుగురుండగా, ఏడాది చివరికి ఒక్కరూ లేకుండా చేశామని అందులో ఉంది. విప్పు విభాగంలో పోస్టులు నాలుగు, నాలుగూ భర్తీ. ఇంత తక్కువ కాలంలో అవసరాన్ని ఇంతగా తగ్గించిన కార్యాలయం మరొకటి లేదని పైవాళ్ళు మెచ్చుకున్నారట. అదే రోజు నేను చలి సాధారణం అని రాశాను. రాసి, కొట్టేసి, మళ్ళీ అదే రాశాను. వేరే మాట వెయ్యడానికి అక్కడ చోటు లేదు.

మా ఇంట్లో ఇప్పుడు అందరం పద్ధతి ప్రకారమే నడుచుకుంటున్నాం. ఫారం తొమ్మిదిలో రెండో గడికి పోలీసులిచ్చిన సూది పొడవు రాస్తున్నాం, యాప్ సంతోషంగా ఒప్పుకుంటోంది. కుడిచెవికి రెండు పొరలున్న ప్రతి వస్తువూ కిటికీ పక్క బల్లకే పంపేటట్టు పరిశీలనాధికారి చూసీచూడనట్టు ఏర్పాటు చేశాడు. పెద్దమ్మ రోజుకు రెండు టోపీలు అల్లుతోంది. మా పక్కింటావిడ ఒకటి అల్లుతోంది. నేనూ నేర్చుకున్నాను, నాకు రెండు రోజులకు ఒకటి అవుతోంది, చెవి ఎప్పుడూ వంకరే. అన్నీ కలిపి లెక్కవేస్తే కెప్టెన్ కుడిచెవికి రోజుకు పదిన్నర నిమిషాల వెచ్చదనం అందుతోంది.

మిగతా ఇరవై మూడు గంటల నలభై తొమ్మిదిన్నర నిమిషాల విషయమై వేరే దరఖాస్తు పెట్టాం. పరిశీలనలో ఉంది.